రైలుపట్టాలకు ఈవలి గాలి

(పర్సుడీహ్‌లో రైల్వే, తపాలా ఉద్యోగుల సంయుక్త సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభ ఆరంభమగుటకు గంట ముందు మన కార్యకర్త లొకరు ఈ బల్లపై తెల్లని దుప్పటి పరచిరి. ఇప్పుడు దానిపై వ్రేలితో గీచినచో గీత కనబడుచున్నది. ఇక్కడ ఎవరును ఊడ్వలేదు, ఎవరును దుమ్ము రేపలేదు. అది పైనుండి దానంతటదే దిగినది. ఈ ప్రాంతపు గృహిణులకు ఇది క్రొత్త వింత కాదు. ఉదయము ఆరవేసిన బట్టలను సాయంకాలము దులిపి గాని లోనికి తీసికొనిపోరు.

మీలో పలువురు కరవుభత్యమును గూర్చియు, ఖాళీల భర్తీని గూర్చియు, పింఛనును గూర్చియు వినగోరి వచ్చియుందురు. ఆ విషయములు తరువాత మాటలాడువారు చెప్పుదురు. నాకు అప్పగింపబడినది గాలిని గూర్చిన విషయము. ఇది మన కోర్కెల పత్రములో ఇంతవరకు చోటు దొరకని విషయము. ఎందువలన దొరకలేదో, ఎందువలన దొరకవలెనో మీ ముందుంచెదను.

ఈ నేలకు మనవారు వచ్చి నూరేండ్లు దాటినది. 1907లో టాటా ఇనుము ఉక్కు కంపెనీ ఏర్పడి, 1912లో సాక్చి వద్ద తొలి ఉక్కు వెలువడిన దినములలో ఇక్కడి స్టేషను పేరు కాలీమాటి. 1919లో ఊరికి జంషెడ్‌పూర్ అనియు, స్టేషనుకు టాటానగర్ అనియు పేర్లు వచ్చినవి. బెంగాల్ నాగపూర్ రైల్వే పట్టాల వెంట శ్రీకాకుళము, విజయనగరము, గంజాము ప్రాంతముల నుండి మన తాత తండ్రులు వచ్చి కొందరు కొలుముల వద్దను, కొందరు ఇంజనుల వద్దను, కొందరు పట్టాలపైనను పనికి కుదిరిరి. ఈ రైల్వేలో కార్మిక సంఘమును నిలబెట్టిన వారిలో ముఖ్యులు మన వరాహగిరి వేంకటగిరిగారు. 1927లో ఖరగ్‌పూర్ కేంద్రముగా జరిగిన పోరాటము ఉద్వాసనల కెదురు నిలిచినది. 1974 మే 8న ఆరంభమైన అఖిల భారత రైల్వే సమ్మెలో జీతము, బోనసు, పనిగంటలు ముందు నిలిచినవి. పనిగంట లెన్నియని మనము అడిగితిమి. ఆ గంటలలో పీల్చిన గాలి ఎట్టిదని అడుగుటకు అప్పుడు మనకు తీరిక లేకపోయెను. ఆకలి ముందు, దగ్గు తరువాత అనుకొంటిమి. అది తప్పని నేననను. కాని ఆ దగ్గు అప్పటినుండి మన యిండ్లలోనే యున్నది.

ఈ ఊరి అమరికను ఒక్కసారి మనసులో గీసికొనుడు. ఉత్తరమున దల్మా కొండలు. రెండు ప్రక్కల సువర్ణరేఖ, ఖర్‌కాయి నదులు. నడుమ ఉక్కు కర్మాగారము, దాని చుట్టును కంపెనీ ఏలుబడిలోని విశాలమైన వీధులు, చెట్లు, తోటలు. దక్షిణముగా రైలుపట్టాలు. పట్టాలకు ఈవల మన రైల్వే కాలనీలు, పర్సుడీహ్, మకదంపూర్, ఖాస్‌మహల్, హలూద్‌బని, సర్జమ్‌దా, కరన్‌డీహ్. కంపెనీ వీధులను ఊడ్చుటకు కంపెనీ యున్నది. రైల్వే క్వార్టర్ల బాధ్యత రైల్వేది. వీటికి వెలుపలనున్న బస్తీలు పురపాలక సంఘపు పరిధిలోనికి రాక గ్రామ పంచాయతీల క్రింద నున్నవి. ఆ పంచాయతీలకు చెత్తబండ్లు కొనుటకే శక్తి చాలదు. అందువలన చెత్తను ప్రోగుచేసి నిప్పు పెట్టుదురు. ఆ పొగ క్వార్టర్లలోనికి వచ్చును. క్వార్టర్లవారు ఫిర్యాదు చేసినచో అది రైల్వే హద్దులో లేదందురు. పంచాయతీ నడిగినచో నిధులు లేవందురు. గాలి ఈ మూడు ఏలుబడుల మీదుగా అడ్డు లేక తిరుగుచున్నది. దానిని బాగుచేయవలసిన చేయి మాత్రము ప్రతి హద్దు వద్దను ఆగిపోవుచున్నది. నేను చెప్పదలచినదాని సారమంతయు ఇంతియే. మిగిలినది వివరము.

ఈ గాలిలో నున్నదేమి? కంటికి కనబడు దుమ్ము మనకు చికాకు కలిగించును గాని ఎక్కువ హాని చేయునది కనబడని దుమ్మే. మీటరులో పది లక్షలవ వంతును మైక్రాన్ అందురు. మన తలవెండ్రుక మందము సుమారు 50 నుండి 70 మైక్రాన్లు. 10 మైక్రాన్లకు లోబడిన ధూళి ముక్కును దాటి శ్వాసనాళములలోనికి పోవును. 2.5 మైక్రాన్లకు లోబడినది ఊపిరితిత్తుల చిట్టచివరనున్న గాలి తిత్తులవరకు చేరును. అందును అతి సూక్ష్మమైనది రక్తములో కలిసి గుండెకును మెదడుకును పోవును. అందుచేతనే పొగ పీల్చినవానికి కేవలము దగ్గు, ఆయాసము మాత్రమే వచ్చునని తలచరాదు. గుండెపోటు, పక్షవాతము, ఊపిరితిత్తుల కాన్సరు, శిశువులు తక్కువ బరువుతో పుట్టుట, ఇవన్నియు ఈ ధూళి పద్దులోనివే. వీనికి తోడు బొగ్గులోని గంధకము మండగా వచ్చు సల్ఫర్ డయాక్సైడ్, ఇంజనులనుండి వచ్చు నైట్రోజన్ ఆక్సైడులు, సరిగా మండని నిప్పునుండి వచ్చు కార్బన్ మోనాక్సైడ్ కలవు.

మన దేశపు ప్రమాణములు 2009లో నిర్ణయింపబడినవి. ఆ ప్రకారము ఘనమీటరు గాలిలో 2.5 మైక్రాన్ల ధూళి సాలుసరి సగటున 40 మైక్రోగ్రాములకును, 10 మైక్రాన్ల ధూళి 60 మైక్రోగ్రాములకును మించరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఈ హద్దులను వరుసగా 5, 15 గా సూచించినది. మన హద్దు వారి హద్దుకు ఎనిమిది రెట్లు, నాలుగు రెట్లు. ఆ వదులైన హద్దును సైతము జంషెడ్‌పూర్ నిలుపుకొనలేకపోయినది. 2019లో కేంద్ర ప్రభుత్వము ఆరంభించిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమము క్రింద చేర్చిన 131 పట్టణములలో ఇది యొకటి. మనవారు విడిచి వచ్చిన శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము కూడ అదే పట్టికలో నున్నవి. సెలవులకు స్వగ్రామము పోయి మంచిగాలి పీల్చి వత్తుమనుకొనువారు ఈ సంగతి గమనింపవలెను.

ఇక కారణములకు వచ్చెదను. ఉక్కు నగరములో నుండి ఉక్కు కర్మాగారపు పేరెత్తకుండుట అసాధ్యము. బొగ్గును గాలి తగులకుండ కాల్చి కోకు చేయు బట్టీలు, ముడి ఇనుపధూళిని గడ్డ కట్టించు సింటర్ యంత్రములు, కొలుములు, ఇవన్నియు ధూళికిని వాయువులకును పుట్టినిండ్లు. కోకు బట్టీల వద్ద పని కాన్సరు కారకమని అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ తేల్చినది. పెద్ద కర్మాగారములలో ధూళిని పట్టు విద్యుత్ యంత్రములు, సంచి వడపోతలు ఇప్పుడు కలవు. మన పెద్దల కాలముతో పోల్చినచో పొగగొట్టముల రంగు మారినదన్నది ఒప్పుకొనవలసిన మాట. ఈ చుట్టుప్రక్కల స్పాంజి ఐరన్ బట్టీలు మరియొక తరగతి. ధూళిని పట్టు యంత్రము విద్యుత్తును తినును. పగలు నడచిన యంత్రము రాత్రి నిలిచిపోవుచున్నదని ఇట్టి బట్టీలున్న ప్రతి జిల్లాలోను ప్రజలు ఫిర్యాదు చేయుచున్నారు. రాత్రి డ్యూటీ చేయు మనవారికి ఈ సంగతి తెలిసినంతగా పగలు వచ్చు తనిఖీదారుకు తెలియదు.

తరువాతది మన సొంత పద్దు. ఈ పట్టాలపై ముడి ఇనుమును, బొగ్గును, సున్నపురాతిని, సిమెంటును మోయుచున్నది మనమే. నోవాముండి, గువా గనుల నుండి ఎఱ్ఱధూళి, ఝరియా నుండి నల్లధూళి. వ్యాగన్లకు మూత లేదు. అంచు దాటి నింపిన బొగ్గు, బండి వేగమందుకొన్నప్పుడు, మలుపులో ఊగినప్పుడు రాలుచు పోవును. సైడింగులో రేకు వచ్చి నిలిచిన తరువాత జరుగు పనిని చూచినవారికి నేను వర్ణింపనక్కరలేదు. యంత్రపు తొట్టి లారీలోనికి ఒక్కసారి బోర్లించినప్పుడు లేచిన ధూళి పదినిమిషముల వరకు దిగదు. దిగకముందే రెండవ తొట్టి వచ్చును. లారీ కదిలినప్పుడు నేలపై పడియున్నది మరల లేచును. అచట పని చేయు హమాలీలు ముఖమునకు తువాలు చుట్టుకొందురు. ఆ తువాలు పెద్ద ధూళిని ఆపును, ప్రాణము తీయు సన్నని ధూళిని ఆపదు. ఆ హమాలీలు కాంట్రాక్టు మనుష్యులగుటచేత మన సంఘపు చిట్టాలో వారి పేర్లు లేవు, రైల్వే ఆసుపత్రి చిట్టాలోను లేవు. ఇది మనము సిగ్గుపడవలసిన సంగతి యని నా అభిప్రాయము.

రోడ్డువైపు చూచినచో పర్సుడీహ్ వ్యవసాయ మార్కెట్టుకు ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, బియ్యము తెచ్చు లారీలు కలవు. లెవెల్ క్రాసింగుల వద్ద గేటు పడిన ప్రతిసారియు వరుసగా నిలిచి ఇంజను ఆపకుండ పొగ విడుచు వాహనములు కలవు. గేటుమన్ ఆ పొగలో ఒక పూట యంతయు నుండును. గేటు పడినప్పుడు ఇంజను ఆపుడని మనము వ్రాసిన బోర్డు నెవరును చదువరు. చదివినను ముందు బండి ఆపనిదే వెనుకవాడు ఆపడు.

బొగ్గుల పొయ్యిని గూర్చి కొంచెము ఓపికతో వినుడు. చలికాలపు ఉదయము అయిదు గంటలకు ఈ బస్తీలలో నడిచినచో ప్రతి వాకిటను ఒక పొయ్యి పొగలు గ్రక్కుచుండును. పొయ్యిని వెలుపల రాజేసి, పొగ తగ్గిన పిమ్మట లోనికి తీసికొనిపోవుదురు. లోపల పొగ కనబడదు గాని కార్బన్ మోనాక్సైడ్ అప్పుడే ఎక్కువగా వచ్చును. అది వాసన లేని వాయువు. తలుపులు మూసి కుంపటి ప్రక్కన పెట్టుకొని నిద్రించి మరల లేవని కుటుంబముల వార్తలు ప్రతి శీతకాలమునను వినుచునే యున్నాము. ఇంటిలో బొగ్గు కాల్చగా వచ్చు పొగ కాన్సరు కారకమని కూడ అంతర్జాతీయముగా తేలినది. అయినను ఆ తల్లి ఎందుకు బొగ్గు కాల్చుచున్నది? 2016లో ఆరంభమైన ఉజ్జ్వల పథకము క్రింద ఆమెకు గ్యాసు పొయ్యి వచ్చియుండవచ్చును. మొదటి సిలిండరు వచ్చినది. రెండవది కొనుటకు చేతిలో నొక్కమారుగా అంత సొమ్ము లేదు. బొగ్గు నైనచో దినమున కొక తట్ట చొప్పున కొనవచ్చును. అదియు లేనినాడు పట్టాల వెంట ఏరుకొనవచ్చును. ఇందు అజ్ఞానమేమియు లేదు. ఇది దినకూలి లెక్క.

చలికాలమున ఈ పొగయంతయు ఎందుకు కదలదని కొందరు అడుగుదురు. సామాన్యముగా నేల వద్దనున్న గాలి వేడెక్కి పైకి లేచి, పొగను తనతో కొనిపోవును. చలిరాత్రులలో నేల త్వరగా చల్లబడును, దానినంటిన గాలియు చల్లబడి బరువెక్కును. దానిపై వెచ్చని గాలిపొర మూతవలె నిలుచును. అన్నపు కుండపై మూత పెట్టినట్లు పొగ క్రిందనే తిరుగును. సూర్యుడు పైకి వచ్చి నేల వేడెక్కువరకు ఆ మూత తొలగదు. ట్రాక్‌మన్ పట్టా చూచుకొనుచు నడచునదియు, ఇంటి ఆడవారు నీళ్లు పట్టునదియు, పిల్లలు బడికి పోవునదియు సరిగా ఆ వేళయందే.

మన పనిచోట్ల మాట. మన పెద్దలలో ఫైర్‌మన్‌గా పనిచేసినవారు బొగ్గుపొగను ముఖమునకెదురుగా పీల్చిరి. 1960 దరిదాపులలో ఈ మార్గమున విద్యుత్ ఇంజనులు వచ్చుట మొదలుపెట్టినవి. దేశములో ఆవిరి ఇంజనుల తయారీ 1972లో నిలిచినది. బ్రాడ్‌గేజిపై అవి 1995 వరకు అక్కడక్కడ నడచినవి. నడుమ డీజిలు వచ్చినది. డీజిలు పొగ ఆవిరి ఇంజను పొగవలె నల్లగా కనబడదు గనుక మంచిదని అనుకొంటిమి. అమెరికాలో 1959 నాటికి రైల్వే పనిలోనున్న సుమారు 55 వేలమంది పరిస్థితిని 1996 వరకు పరిశీలించిరి. డీజిలు బండ్లపై పనిచేసినవారిలో ఊపిరితిత్తుల కాన్సరు మరణములు ఇతర ఉద్యోగులకంటె 40 శాతము అధికముగా నున్నవని తేలినది. ఎన్ని యేండ్లు పనిచేసిన అంత ఎక్కువ ప్రమాదమను వరుస మాత్రము ఆ లెక్కలలో కనబడలేదని కూడ వారే వ్రాసిరి. అది దాచి చెప్పుట న్యాయము కాదు. అయినను ఇట్టి అధ్యయనములన్నింటిని కలిపి చూచి, 2012లో డీజిలు పొగను కాన్సరు కారకముల మొదటి తరగతిలో చేర్చిరి. ఆ లెక్క రైల్వే ఉద్యోగుల సేవాపుస్తకముల నుండియే వచ్చినదన్నది మనము గుర్తుంచుకొనవలెను. అచట పుస్తకములు దాచిరి, మరణకారణములు వ్రాసిరి. మన షెడ్డులలో రిటైరై పోయినవాడు తరువాత దేనితో మరణించెనో ఏ పుస్తకములోను లేదు.

ఈ రోజు మన రైల్వేలో విద్యుత్ ఇంజనులదే రాజ్యము. స్టేషనులలో గాలి తేలికపడినది, సంతోషమే. కాని ఆ విద్యుత్తులో ఎక్కువ భాగము బొగ్గునుండియే పుట్టుచున్నది, ఆ బొగ్గును మోయుచున్నదియు మన బండ్లే. విద్యుత్ కేంద్రములనుండి వచ్చు సల్ఫర్ డయాక్సైడ్‌కు 2015లో హద్దులు పెట్టిరి. గడువులు పలుమార్లు పొడిగించిరి. తుదకు 2025 జూలైలో మిక్కిలి కేంద్రములకు ఆ గంధకమును తొలగించు యంత్రము పెట్టనక్కరలేదని మినహాయింపు నిచ్చిరి. పొగ టాటానగర్ ప్లాట్‌ఫారము విడిచి మరియొక కార్మికుని ఇంటికి పోయినది.

ట్రాక్‌మన్ సంగతి వేరు. పట్టాల క్రింద కంకర నింపునప్పుడు, పాత కంకరను జల్లించి మార్చునప్పుడు లేచు రాతిపొడిలో సిలికా యుండును. సిలికా ఊపిరితిత్తులలో మచ్చలు కట్టించును. ఆ జబ్బు పేరు సిలికోసిస్. ఆ మచ్చను పోగొట్టు మందు నేటికిని లేదు. ఈ జిల్లాలోనే ముసాబని ప్రాంతమున తెల్లరాతిని పొడిచేయు చిన్న కర్మాగారములలో పనిచేసిన యువకులు కొలది సంవత్సరములలోనే ఈ జబ్బుతో మరణించిరి. వారిలో పలువురికి క్షయయని మందులిచ్చుచు వచ్చిరి. క్షయ యన్నచో అది వాని దురదృష్టము. సిలికోసిస్ అన్నచో యజమాని నష్టపరిహారము చెల్లించవలెను. రోగపు పేరులో ఇంత యున్నది. ఎక్స్‌రే తీసినప్పుడు ఏ పని చేయుచుందువని డాక్టరు అడుగనిచో మీరే చెప్పుడు, చీటిమీద వ్రాయుమని కోరుడు.

తపాలా సోదరులారా, మిమ్ములను మరువలేదు. ఆర్.ఎం.ఎస్. లో సంచులు దులిపి, నోళ్లు విప్పి, ఉత్తరములు ఏర్చుచు సంవత్సరములు గడిపినవారికి ఆ సంచుల దుమ్ము తెలియును. లక్క కరగించి సీలు వేయునప్పటి పొగ పాత ఉద్యోగుల కండ్లలో ఇప్పటికిని మండుచుండును. నేటి పోస్ట్‌మన్ సైకిలుపైగాని మోటారు సైకిలుపైగాని లారీల వెనుకనే పోవలెను. లారీ పొగగొట్టము వాని ముఖమునకెదురుగా నుండును. సైకిలు త్రొక్కువాడు కూర్చున్నవానికంటె కొన్ని రెట్లు ఎక్కువ గాలి లోనికి తీసికొనును, దానితో ధూళియు ఎక్కువ పోవును. 2020 ఏప్రిల్ 1 నుండి వచ్చిన బి.ఎస్.-6 ఇంధనములో గంధకము 50 పాళ్లనుండి 10 పాళ్లకు తగ్గినది. అంతకుముందు 2000లో సీసము కలిపిన పెట్రోలు దేశమంతటను నిలిచినది. ఇవి చిన్న విజయములు కావు. చట్టము చేసి, గడువు పెట్టి, గడువు నిలిపినచో గాలి మారునని ఇవి చూపుచున్నవి.

దేశము మొత్తము మీద చూచినచో 2019లో వాయు కాలుష్యమువలన 16.7 లక్షలమంది మరణించిరని మన దేశపు శాస్త్రవేత్తలు 2020లో లాన్సెట్ పత్రికలో ప్రకటించిరి. అందు 9.8 లక్షలు బయటిగాలి ధూళివలన, 6.1 లక్షలు ఇంటిలోని పొగవలన. ఆ సంవత్సరపు మొత్తము మరణములలో ఇది 17.8 శాతము. అదే లెక్కలో ఒక ఆశాజనకమైన మాటయు కలదు. 1990తో పోల్చినచో ఇంటిపొగవలని మరణరేటు 64 శాతము తగ్గినది. బయటిగాలివలని రేటు మాత్రము రెట్టింపు దాటినది.

ఒక్కసారిగా విషము విరుచుకుపడిన రోజులను కూడ స్మరింపవలెను. 1952 డిసెంబరు 5 నుండి 9 వరకు లండన్ నగరమును బొగ్గుపొగ మంచుతో కలిసి కప్పినది. తొలుత 4 వేలమంది మరణించిరని లెక్కించిరి. తరువాతి పరిశోధకులు 12 వేలవరకు అని సవరించిరి. దానివలన 1956లో స్వచ్ఛ వాయు చట్టము వచ్చినది. ఆ చట్టములో నాకు నచ్చినది ఒకటున్నది. ఇంటి పొయ్యిలలో పొగ రాని ఇంధనమును వాడవలెనని చెప్పి ఊరకుండక, పొయ్యి మార్చుటకయ్యెడి ఖర్చులో భాగమును ప్రజాధనము నుండి ఇచ్చిరి. మన బస్తీ తల్లిని నిందించువారు ఇది చదువవలెను.

1984 డిసెంబరు 2, 3 తేదీల నడిమి రాత్రి భోపాల్‌లో యూనియన్ కార్బైడ్ కర్మాగారమునుండి మిథైల్ ఐసోసైనేట్ వెలువడినప్పుడు రైలుస్టేషను ఆ విషపు దారిలోనే యుండెను. డిప్యూటీ స్టేషన్ సూపరింటెండెంట్ గులామ్ దస్తగీర్ గారు పైవారి ఆజ్ఞకై వేచియుండక, నిలిచియున్న గోరఖ్‌పూర్ ఎక్స్‌ప్రెస్సును వేళకు ముందే సాగనంపి, ఇరుప్రక్కల స్టేషన్లకు సమాచార మిచ్చి బండ్లను ఆపించిరి. ఆ రాత్రి విధిలోనుండి ప్రాణములు విడిచిన రైల్వే ఉద్యోగుల స్మారకము ఆ స్టేషనులో నున్నది. 2020 మే 7న విశాఖపట్టణపు ఆర్.ఆర్. వెంకటాపురములో స్టైరీన్ వాయువు నిద్రించుచున్నవారిపై పడి 12 మంది మరణించిరి. మన స్టేషన్లకు, కాలనీలకు కూతవేటు దూరములో ఏ వాయువులు నిలువయున్నవో, ప్రమాదమున గాలి ఏ వైపు వీచినచో ఏ వైపు పరుగెత్తవలెనో మనలో ఎందరికి తెలియును? ఆ పట్టికను కోరుట మన హక్కు.

చేయవలసినదేమి? ముందుగా కొలత. ఈ నగరములో కాలుష్య నియంత్రణ మండలి ఎంతోకాలముగా కొలతలు తీయుచున్నది బిష్టుపూర్, గోల్‌మురి ప్రాంతములలో. రెండును పట్టాల కావలివే. సైడింగులు, మార్కెట్టు, బస్తీలు ఉన్న ఈవలి గాలిని ఈవలనే కొలువవలెను. కొలతయంత్రమును సైడింగు ప్రక్కన నొకటి, బడివద్ద నొకటి పెట్టించుట మన మొదటి కోర్కె. అంకె లేని ఫిర్యాదును ఆఫీసరు చేతివ్రేళ్లతో ప్రక్కకు నెట్టివేయును.

రెండవది సైడింగు. నీటిజల్లు యంత్రములు పనిచేయునట్లు చూచుట, నేల కాంక్రీటు చేయుట, వ్యాగను అంచు దాటి నింపకుండుట, లారీలపై టార్పాలిన్ కప్పుట, చుట్టును ఎత్తైన అడ్డుగోడ. వీనిలో క్రొత్త విజ్ఞాన మేదియు లేదు, పెద్ద ఖర్చును లేదు. నీటిజల్లు పెట్టినచోట కూడ పైపులో నీరుండదు. తనిఖీ దినమున మాత్రముండును. జూన్ 5న పర్యావరణ దినమని మొక్క నాటి ఫొటో తీసికొందుము. మరుసటి సంవత్సరము అదే గోతిలో మరియొక మొక్క నాటుదుము. ఈ వేడుక నేను చాలమార్లు చూచితిని, ఒకటి రెండుమార్లు పారయు పట్టితిని.

మూడవది వైద్యపరీక్ష. ట్రాక్‌మెన్‌కును, సైడింగు సిబ్బందికిని, గేటుమెన్‌కును, పోస్ట్‌మెన్‌కును సంవత్సరమున కొకమారు ఊపిరి బలమును కొలుచు పరీక్ష చేయవలెను. దాని ఫలితము ఉద్యోగి చేతికి కాగితముగా రావలెను. కాంట్రాక్టు హమాలీలకు కూడ అదే పరీక్ష కావలెనని మనము అడుగకపోయినచో మరెవ్వరును అడుగరు. తువాళ్లకు బదులు ఎన్-95 తరగతి ముసుగులు సరఫరా చేయవలెను. అయితే ముసుగుతో పని ముగిసినదని యాజమాన్యము చెప్పినప్పుడు ఒప్పుకొనరాదు. మే నెల ఎండలో ముసుగు పెట్టుకొని కంకర ఎత్తుడని చెప్పువారు తామొక గంట ఎత్తి చూపవలెను.

నాలుగవది చెత్తయు, పొయ్యియు. రైల్వే, పంచాయతీ, జిల్లా యంత్రాంగము ముగ్గురును కూర్చుండి హద్దు చూడక ఒకే చెత్తబండి నడుపునట్లు ఒప్పందము చేయించవలెను. గ్యాసు సిలిండరు సొమ్మును నెలవారీ వాయిదాలుగా కట్టు ఏర్పాటు మన సహకార పరపతి సంఘముల ద్వారా చేయగలమేమో ఆలోచింపవలెను.

చట్టము సంగతి ఒక్క మాట. 1981 వాయు కాలుష్య నివారణ చట్టములో జైలుశిక్ష లుండెను. 2023 జన్ విశ్వాస్ చట్టము ద్వారా వానిలో ఎక్కువభాగము తొలగించి, 10 వేల రూపాయలనుండి 15 లక్షల వరకు జరిమానాలుగా మార్చిరి. 2024 ఏప్రిల్ 1 నుండి ఇది అమలులో నున్నది. పాత శిక్షలు కాగితముపైననే యుండెను, జరిమానా యైన వసూలగునని సమర్థించువారు కలరు. ఆ వాదములో కొంత బలమున్నది. కాని కోట్ల వ్యాపారము చేయువానికి 15 లక్షలు ఖర్చుపద్దులో నొక వరుస మాత్రమేయని నా భయము.

ఇంకొక అభ్యంతరము. పొగను గూర్చి మాటలాడినచో కర్మాగారములు మూతపడి మన పిల్లల ఉద్యోగములు పోవునని కొందరు భయపడుదురు. ఉద్యోగము పోయిన ఇంటిని నేను చూచితిని, ఆ భయమును తేలికగా తీసికొనను. అయితే నీటిజల్లు పెట్టినందున ఏ సైడింగును మూతపడలేదు. ధూళియంత్రము రాత్రియు నడిపినందున ఏ బట్టీయు చల్లారలేదు. పైగా వాయు కాలుష్యపు మరణములవలనను, రోగములవలనను 2019లో దేశమునకు కలిగిన నష్టము స్థూల దేశీయోత్పత్తిలో 1.36 శాతమని నేను ముందు చెప్పిన అధ్యయనములోనే కలదు. ఆ నష్టము ఎవరి జేబునుండి పోవుచున్నదో మందుల దుకాణము ముందు వరుసలో నిలిచిన మనకు తెలియును.

ఇక ఈ రోజే చేయవలసిన పని. వెనుక వరుసనుండి ఒక నోటుబుక్కు మీ వద్దకు వచ్చును. అందు అయిదు గళ్లున్నవి. తేదీ, వేళ, చోటు, చూచినది, గాలి వీచిన దిక్కు. గేటుమన్ తన గేటువద్ద, సైడింగు క్లర్కు తన సైడింగువద్ద, పోస్ట్‌మన్ తన బీటులో చూచినది దినమున కొక్క వరుస వ్రాసిన చాలును. ఏ సందులో ప్రతిదినము చెత్త కాల్చుదురో పోస్ట్‌మన్‌కు తెలిసినట్లు మరెవ్వరికి తెలియదు. మూడు నెలల పిమ్మట ఆ పుస్తకములను ఒకచోట చేర్చి, ప్రతులు తీసి, డివిజను అధికారులకును, కాలుష్య నియంత్రణ మండలికిని, పంచాయతీకిని ఒకే దినమున అందజేయుదము. రాత్రి పది గంటల డ్యూటీకి పోవలసినవారు ముందుగా తమ పేర్లు వ్రాసి వెళ్లుడు. మిగిలినవారు సభ ముగిసిన తరువాత వ్రాయవచ్చును.